ఏడు తలల పిట్ట

ఓబుళమ్మకు ఏమీ కనపడలేదు.

ఎర్రమల కొండల్లో చెన్నసాని అవ్వ మఠానికి ఆమె వచ్చి ఆరు నెలలు దాటింది. అది ఆడవాళ్ల మఠం. పొద్దున్నే అమ్మవారి చక్రం ముందు కళ్లు మూసుకుని కూర్చోవాలి. లోపల ఏది కనపడితే దాన్ని లేచి వచ్చి గోడమీద గీయాలి. అక్కడి సాధన ఇంతే. ప్రహరీ గోడకు లోపలివైపు ఒక్కొక్కరికీ మూడు మూరల జాగా ఉండేది. జాజు, పసుపు, బొగ్గు, ఆకుపసరు ఎవరికి కావలసింది వాళ్లే నూరుకోవాలి.

పంపావతికి రోజూ ఏదో ఒకటి కనపడేది. ఒకనాడు నిప్పుల తామర, ఒకనాడు పాముల్ని జడగా అల్లుకున్న దేవత. పాపం, జాజు నూరలేక ఆమె చేతులు నొప్పిపుట్టేవి. ఆ పక్కనే ఓబుళమ్మ మూడు మూరలూ సున్నం కొట్టిన నాటి తెల్లదనం చెదరకుండా ఉండేవి.

కనపడకపోతే పోయె, వినపడేది. మనసు కుదురుకుంటోంది అనుకునేసరికి గోడ వెనక దారిన గడ్డికోతకు పోయే ఆడవాళ్లు కొండెక్కేవాళ్లు. ఒకామెది బొంగురు గొంతు. ఒకామె నవ్వడం మొదలుపెడితే ఆపదు. ఒకామె రోజూ కోడల్ని తిడుతూ పోతుంది. అందరికన్నా వెనక పళ్లు లేని గొంతు ఒకటి "ఆగండే, ఆగండే" అంటూ వస్తుంది. ఓబుళమ్మ కళ్లు మూసుకునే వాళ్లను తిట్టుకునేది. దేవత గుమ్మం దాకా వచ్చి, వీళ్ల గోలకు వెనక్కి పోతోందని ఆమె నమ్మకం.

కార్తీక పౌర్ణమినాడు అవ్వ రహస్య మంత్రం చెవిలో చెబుతుంది. అది గోడమీద గీసినవాళ్లకే. ఈ పౌర్ణమికి ఉపదేశం దొరక్కపోతే తిరిగి వచ్చేస్తానని ఓబుళమ్మ ఆదోనిలో వదినతో పందెం వేసి వచ్చింది. సాగనంపుతూ ఆ వదిన, "దేవత కనపడితే మేం కూడా అడిగినామని చెప్పు" అంది. ఆ మాట గుర్తొస్తే ఓబుళమ్మకు అన్నం సహించేది కాదు.

పౌర్ణమి నెల రోజులు ఉందనగా ఆమె గోడమీద ఒక అబద్ధం గీసింది.

అందరూ చూస్తుండగానే గీసింది. ధ్యానం నుంచి లేచి, రాని కన్నీళ్లు తుడుచుకుని, జాజు నూరింది. ఒక పిట్టను గీసింది. దేవతాపక్షికి ఒక తలేం చాలుతుందని ఇంకొకటి పెట్టింది. తర్వాత చెయ్యి దాని దారిన అది పోయింది. ఆగేసరికి ఏడు తలలయ్యాయి. ఒకటి ముక్కు తెరిచి నవ్వుతోంది. ఒకటి కోపంగా పక్కకు తిరిగి ఉంది. చివరి తలకు జాగా చాలక ముక్కు పడనేలేదు.

పంపావతి పరుగెత్తుకొచ్చి లెంపలేసుకుంది. "అక్కా, నిన్న నాకు ఒట్టి తోక కనపడి మాయమైంది. ఇదేనక్కా అది!"

అవ్వ కూడా వచ్చింది. ఎనభై దాటిన మనిషి. చేతికర్రతో తలలు లెక్కపెట్టింది.

"ఏడేనా? బాగా చూసినావా?"

"ఏడే అవ్వా."

"ఆకలిమీద ఉన్నట్టుండాదే."

ఓబుళమ్మ "అవునవ్వా" అంది.

"వచ్చిన దేవతను పస్తు పెట్టకూడదు. ఏడు నోళ్లకు ఏడు జొన్నరొట్టెలు. నంజుకోను ఊరిబిండి. రేపట్నుంచి పొద్దున్నే నువ్వే చేసి గోడ గూట్లో పెట్టు. పెట్టి వెనక్కి చూడకుండా రా. చూస్తే తినదు."

"మరి ధ్యానం?"

"రొట్టెలైనాక."

ఆ గోడ గూడు అటు దారివైపు కూడా తెరిచి ఉంటుంది. ఓబుళమ్మ మర్నాడు పొయ్యి దగ్గర కూర్చుంది. పుట్టి బుద్ధెరిగి ఆమె రొట్టె తట్టలేదు. ఇంట్లో ఆ పనంతా వదినదే. జొన్నపిండి చేతికి అంటుకుంది, పీటకు అంటుకుంది, పెనంమీద మాత్రం అంటనంది. మొదటిరోజు రొట్టె ఏ ఆకారమో పంపావతికి కూడా అంతుపట్టలేదు. లేని పిట్టకు వండిపెట్టే ఖర్మ ఎవరికైనా పడుతుందా అని ఓబుళమ్మ తనను తానే తిట్టుకుంది.

ధ్యానం ముగిశాక వచ్చి చూస్తే గూడు ఖాళీ. చేసిన ఊరిబిండి కూడా మిగల్లేదు. కుక్కేదో తినిపోయింది అనుకుంది. రెండోరోజూ అంతే. మూడోరోజు విస్తరి చక్కగా మడిచి ఉంది.

కుక్క విస్తరి మడవదు.

ఓబుళమ్మ ఆ విస్తరిని తిప్పి తిప్పి చూసింది. తను కల్పించిన పిట్ట నిజంగా వచ్చి తింటోందా? ఆ రోజు నుంచి ఆమె తలస్నానం చేసి పొయ్యి వెలిగించింది. ఊరిబిండికి చెనక్కాయలు మాడకుండా వేయించింది. రొట్టెలు చల్లారకుండా తడిగుడ్డలో చుట్టింది. వారం తిరిగేసరికి గుండ్రంగా వచ్చాయి, రెండు వారాలకు పొంగాయి కూడా. పీటమీద అరచేతులు తడుతున్నంతసేపూ వదిన గుర్తు రాలేదు, పౌర్ణమి గుర్తు రాలేదు. ఈమధ్య గోడ వెనక గోల కూడా తగ్గింది. అది పిట్ట మహిమే అనుకుంది.

పౌర్ణమి ముందురోజు ఇంక ఉండబట్టలేకపోయింది. గూట్లో పెట్టి పదడుగులు పోయి, కాసేపటికి వెనక్కి వచ్చి, గోడకు చెంప ఆనించి గూట్లోంచి తొంగిచూసింది.

గోడవార వరసగా ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కొడవళ్లు పక్కన పెట్టుకున్నారు.

"ఈ పొద్దు ఎంత మెత్తగా కుదిరిందే!" అంది బొంగురు గొంతు.

"మొదటిరోజు రొట్టె గుర్తుందా? నా దవడ ఇంకా దారికి రాలేదు" అని ఇంకొకామె నవ్వు మొదలుపెట్టింది. ఆపలేదు.

కోడల్ని తిట్టే ఆమె ఆ పూట ఎవరినీ తిట్టడం లేదు. రొట్టె తుంచి నీళ్లలో నానేసి, పక్కనున్న పండు ముసలామె చేతికి ఇస్తోంది. ముసలామె ఊరిబిండి నాలుక్కి తగలనిచ్చి, "అబ్బబ్బ, కారం!" అని విస్తరి పక్కకు జరిపింది.

"తినిపొమ్మని అవ్వ చెప్పింది గానీ, చేసే చెయ్యి ఎవరిదో చెప్పలేదు" అంది బొంగురు గొంతు. "ఏ తల్లో, చల్లగుండాల."

ఓబుళమ్మ గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది. నవ్వు ఆగడం లేదు. చెంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఈసారి కన్నీళ్లు వాటంతట అవే వచ్చాయి. ఆరు నెలల్లో ఆమె అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. అంత సిగ్గుగానూ లేదు.

పౌర్ణమినాటి ఉదయం మఠం ఆడవాళ్లందరూ తలంటుకుని అవ్వ ముందు బారుగా నిలబడ్డారు. ఓబుళమ్మ వంతు చివరన వచ్చింది. ఆమె చెవి వంచలేదు.

"అవ్వా, ఆ పిట్ట నాకు కనపడలేదు. అబద్ధం గీసినాను. నాకు మంత్రం వద్దు. ఇంటికి పోతా."

తోక చూసిన పంపావతి తల వంచుకుని గోళ్లు చూసుకుంటోంది.

"మరి రొట్టెలు ఎవరు తినినారు?" అంది అవ్వ.

"గడ్డి కోసేవాళ్లు. ఏడుగురు."

"నువ్వు ఏడే ఎందుకు గీసినావు? మూడు గీయొచ్చు, పది గీయొచ్చు."

ఓబుళమ్మ గోడవైపు తిరిగి చూసింది. నవ్వే తల. కోపంగా పక్కకు తిరిగిన తల. ముక్కు లేని తల. రోజూ కళ్లు మూసుకుని విన్న గొంతుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

"ఇట్ల రా" అంది అవ్వ. ఓబుళమ్మ మెడ దగ్గరికి లాక్కుంది. ఆచారం ప్రకారం మిగతావాళ్లు చెవులు మూసుకున్నారు. అవ్వ వణికే పెదవులు ఆమె చెవికి తగిలాయి.

"ముక్కు లేనిదానికి కారం పడదు. రేపట్నుంచి బెల్లం పెట్టు."

ఓబుళమ్మ ఆదోనికి పోలేదు. ఆమె మంత్రానికి అక్షరాలెన్నని పంపావతి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఉపదేశం బయటపెట్టకూడదు కదా. మర్నాడు పొద్దున మాత్రం అందరికన్నా ముందు లేచి, కొట్టుగదిలో బెల్లం కోసం వెతికింది.