నాలుగో పన్ను

అనగనగా ఒక ఊరు. మరీ అంత అనగనగా ఏం కాదులే, అప్పటికే ఊరికి కరెంటు వచ్చింది, బస్సూ వచ్చింది. ఆ ఊళ్ళో ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఒక పిల్ల. పేరేదో ఒకటి ఉండాలిగా, వకుళ అనుకుందాం. పన్నెండేళ్ళది. దానికో తల్లి. తండ్రి ఉద్యోగం మీద ఊళ్ళు తిరిగేవాడు, ఈ కథలో ఆయనతో మనకి పనిలేదు.

వకుళకి పాలపన్ను ఊడినప్పుడల్లా వాళ్ళమ్మ దాన్ని పేడముద్దలో పెట్టి, కాకి చూడకుండా ఇంటి మీదికి విసిరేది. "పాత పన్ను నీకు, కొత్త పన్ను మాకు" అనేది. ఇంటి మీద వేసిన పన్ను మళ్ళీ మొలుస్తుంది. కాకి చూసిందా, ఇక మొలవదు. వకుళకి ఆ సంగతి అన్నప్రాశన నాటినుంచీ తెలిసినట్టే.

అలా పళ్ళన్నీ వచ్చాయి. వచ్చాయి గానీ, సంతలో జనంలాగా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, ఒకటైతే చిగుళ్ళ మీదికెక్కి కూచుంది.

అప్పుడు వాళ్ళమ్మ దాన్ని బస్సెక్కించి టౌన్లో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పేరు సుభాషిణి. బుల్లి అద్దం నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"తీగ వేసి వరసలోకి తెద్దామమ్మా. కానీ లోపల చోటు లేదు. పైన రెండు, కింద రెండు తీసేస్తేగానీ మిగతావి జరగవు. ఇవి పాలపళ్ళు కావు, మళ్ళీ రావు. వచ్చినా పెట్టుకోడానికి చోటెక్కడుందిలే!" అని నవ్వింది.

డాక్టరమ్మ నవ్వింది గానీ వకుళ నవ్వలేదు. ఆ చివరి మాట దాని మనసులో ముల్లులా దిగబడింది.

ఆ తర్వాత ఒక వారం పై పళ్ళు రెండూ తీశారు, మరో వారం కింది పళ్ళు రెండూ తీశారు. సూది వేస్తే నొప్పి తెలీదు గానీ, పట్టకారు పట్టి ఊపుతుంటే తలకాయంతా కరకరమంటుందమ్మా, ఆ చప్పుడుకే పిల్ల సగం చచ్చింది. నాలుగు పళ్ళూ దూదిలో చుట్టి తల్లి చేతికిచ్చారు.

ఇంటికొచ్చి తల్లి ఏం చేసింది? అలవాటు ప్రాణం. నాలుగు పేడముద్దలు చేసి పెరట్లో నిలబడింది. మంచం మీద పడుకున్న వకుళకి పెంకుల మీద టప్, టప్ మని చప్పుడు వినిపించింది. ఎన్ని చప్పుళ్ళో లెక్కపెట్టలేదు. ఉలిక్కిపడి లేచి కూచుంది. 'అమ్మా, వెయ్యొద్దు, మళ్ళీ మొలుస్తాయి' అని అరవాలి. నోటినిండా దూది. అరవలేకపోయింది. ఆ తర్వాత అడగడానికి భయమేసింది. ఆ తల్లికి బుద్ధి లేదా అంటావా? అప్పట్లో ఆవిడకి ఉన్న బుద్ధి అంతే.

నెల తిరిగాక తీగ వేశారు. పంటి పంటికీ ఒక బుల్లి బిళ్ళ అతికించి, వాటి మీదుగా తీగ పోనిచ్చి బిగించారు. డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. గట్టివి కొరక్కూడదు. తిన్నప్పుడల్లా బిళ్ళల సందుల్లోకి బ్రష్షు పోయేలా తోముకోవాలి. తీగ గుచ్చితే చిటికెడు మైనం అద్ది, వెంటనే వచ్చి చూపించాలి. మైనం బుల్లి డబ్బాలో పెట్టి చేతికిచ్చింది కూడా.

తోముకోవడం మాత్రం వకుళ ఏ పూటా మానలేదు. కానీ ఒకరోజు బళ్ళో స్నేహితురాలు గుప్పెడు వేయించిన సెనగలు చేతిలో పోసింది. ఒక్కటేగా అని నోట్లో వేసుకుంది. ఒక్కటీ ఒక్కటీ అంటూ గుప్పెడూ అయిపోయింది. మధ్యలో ఎక్కడో టక్కుమంది. సెనగ విరిగిందనుకుంది.

మర్నాడు పైన, ఎడమ బుగ్గ లోపల, ఏదో గుచ్చుకుంది. నాలుకతో తడిమింది. గట్టిగా ఉంది. మొనదేలి ఉంది. పన్ను మొలిచేటప్పుడు అలాగే ఉంటుంది, దానికి తెలుసు. ఇంటి మీద వేసిన పన్ను వచ్చేసింది! వరసలో చోటు లేక బుగ్గలోంచి వస్తోంది!

చెబితే ఏమవుతుంది? మళ్ళీ ఆ కుర్చీ, మళ్ళీ ఆ పట్టకారు, మళ్ళీ కరకర. అందుకని చెప్పలేదు. మైనం తీసింది గానీ, ఇది తీగకి కదా, పన్నుకి కాదుగా అని మళ్ళీ పెట్టేసింది.

రెండోరోజు నమల్లేకపోయింది. మజ్జిగన్నం పల్చగా కలుపుకుని తాగేసింది. మూడోరోజు పొద్దున దిండు మీద రూపాయి బిళ్ళంత నెత్తురు. తల్లి చూడకుండా దిండు తిరగేసింది. అద్దంలో చూసుకుంటే బుగ్గ ఉబ్బింది. రేపో ఎల్లుండో పన్ను బుగ్గని చీల్చుకుని బయటికొస్తుంది, బళ్ళో అందరూ చూస్తారు అనుకుంది. ఏడిస్తే బుగ్గ ఇంకా నొప్పి, అందుకని ఏడవను కూడా లేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం తల్లి పిండిమరకి వెళ్ళింది. అప్పుడు వకుళ గోడకి నిచ్చెన వేసుకుని ఇంటి మీదికెక్కింది. ఎందుకో తెలుసా? ఆ పళ్ళని వెతికి కాకికి చూపించడానికి. కాకి చూస్తే మొలవదుగా!

పెంకులు పెనంలా కాలుతున్నాయి. ఒక పెంకు కాలి కింద పటుక్కుమంది. పాకుతూ వెళ్ళి వెతికింది. ఒక ఎండిన పేడముద్ద దొరికింది, చిదిపితే పన్ను. అప్పుడు ఇంకోటి దొరికింది. ఆ తర్వాత ఇంకోటి. మూడూ అరచేతిలో పెట్టుకుని, కొస మీద కూచున్న కాకికేసి చెయ్యి చాపింది.

"చూడవే కాకీ, నీకు పుణ్యముంటుంది, చూడు" అంది.

కాకి మెడ వంకరగా పెట్టి చూసింది. మూడు పళ్ళ పీడ విరగడైంది. మరి నాలుగోది? ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికింది. లేదు. ఎక్కడా లేదు. ఎందుకుంటుంది? అది అప్పుడే బుగ్గలోకి వచ్చేసిందిగా!

అప్పుడే తల్లి పిండి డబ్బా చంకన పెట్టుకుని వచ్చింది. ఇంటి మీద, ఉబ్బిన బుగ్గతో, కాకితో మాట్లాడుతున్న కూతురు! కేకేస్తే ఉలిక్కిపడి పడుతుందేమోనని డబ్బా కింద పెట్టి, చప్పుడు చెయ్యకుండా నిచ్చెన పట్టుకుని నిలబడింది.

వకుళ దిగింది. దిగీ దిగగానే తల్లి కొంగు పట్టుకుని బావురుమంది.

"నాలుగోది లేదమ్మా. బుగ్గలో మొలిచేసింది. పీకించొద్దమ్మా" అంది.

తల్లికి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. గబగబా లోపలికెళ్ళి తన వక్కపొడి డబ్బా తెచ్చి మూత తీసింది. అడుగున, దూదిలో, ఒక పన్ను.

"మూడు విసిరానే తల్లీ. నాలుగోది చేతిలోకి తీసుకునేసరికి డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది, ఇవి మళ్ళీ రావని. మళ్ళీ రానిదాన్ని పారెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. దాచుకున్నాను. నవ్వుతావని చెప్పలేదు" అంది.

వకుళ పన్నుని చూసింది. నాలుకతో బుగ్గ తడుముకుంది. పన్ను ఇక్కడుంటే, మరి అక్కడున్నదేమిటి?

సాయంత్రం బస్సుకే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు. ఒక బిళ్ళ ఊడిపోయి, తీగ కొస జారి బుగ్గలో గుచ్చుకుంటోంది, అంతే. ఆవిడ పట్టకారు చేతిలోకి తీసుకుంది. వకుళ గుప్పిట్లో నాలుగో పన్నుని బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది. టక్. అయిపోయింది. తెగిన ముక్క బియ్యపుగింజలో సగం కూడా లేదు.

"దీనికి నాలుగురోజులు తిండి మానేశావా? మొదటిరోజే చెబితే నిమిషం పని కదే పిచ్చిపిల్లా" అంటూ డాక్టరమ్మ బుగ్గకి మందు రాసింది. బిళ్ళ ఎలా ఊడిందో రాబట్టాక, "సెనగలు ఎవరిచ్చారు?" అని కూడా అడిగింది. ఆ పేరు మాత్రం వకుళ ఇప్పటికీ చెప్పలేదు.

రెండేళ్ళకి తీగ తీసేశారు. ఆ పిల్ల నవ్వు చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. వంటింట్లో నీ టిఫిను డబ్బా తోముతోంది, వెళ్ళి చూసిరా. పేరు వకుళ కాదులే.

రేపు నీకు తీసే పళ్ళని ఇంటి మీద వెయ్యనమ్మా. ఈ అపార్టుమెంటుకి పెంకులెక్కడివి? ఇదిగో, నా వక్కపొడి డబ్బా. అడుగున మీ అమ్మ పన్ను ఇంకా ఉంది. పక్కన చోటు కూడా ఉంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. తీగ గుచ్చితే దిండు తిరగెయ్యకు. నన్ను లేపు.

మూడు పళ్ళు పెంకుల్లోకి,
నాలుగోది డబ్బాలోకి,
భయమంతా కాకి నోట్లోకి,
కథేమో కంచి గుళ్ళోకి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి.