వాలిన పువ్వు

అనగనగా అంటే నిన్నో మొన్నో కాదు. సముద్రం మన ఊరికి ఇంకా దగ్గరగా ఉన్న రోజుల్లో, రేవులో తెరచాపలు తెల్ల కొంగల్లా దిగే రోజుల్లో, కాలవ ఒడ్డున ఒక అద్దకం పాక ఉండేది. దాన్ని నడిపే మనిషి నాంచారమ్మ.

నాంచారమ్మకి మేడ లేదు, మెడలో గొలుసు లేదు. ఉన్నదల్లా తాటాకు పాక, తొమ్మిది బల్లలు, తొమ్మిది మంది మనుషులు. ఎవరూ పనిలో పెట్టుకోని వాళ్ళనే ఏరి తెచ్చుకుంది. కాలు అవిటిదైన గంగులు, మొగుడు వదిలేసిన సీతారత్నం, అందరికన్నా పెద్దవాడు మస్తాను తాత, ఇలాంటి వాళ్ళు.

పొద్దున్నే పని మొదలెట్టే ముందు ఆమె ఒకటే అడిగేది.

"నిన్న మీ కంటికి అందంగా ఏం కనపడింది?"

ఒకళ్ళు నత్త నడిచిన తడి గీత అనేవాళ్ళు. ఒకళ్ళు గుమ్మడి తీగ కొస అనేవాళ్ళు. ఇంకొకళ్ళు నిద్రలో పసిపిల్ల మూసిన గుప్పిట అనేవాళ్ళు. కొన్నాళ్ళకి అవే కర్ర అచ్చులయ్యేవి. అచ్చులు గుడ్డ మీద పువ్వులయ్యేవి. అలాంటి గుడ్డ ఆ తీరంలో ఇంకెక్కడా దొరికేది కాదు.

ఒక ఏడాది రేవు షావుకారు రంగప్ప తొమ్మిది దుప్పట్లు అడిగాడు. ఓడెక్కి దూరదేశపు రాజుగారింటి పెళ్ళికి పోవాలట. ప్రతి పువ్వూ నిటారుగా నిలబడాలన్నాడు.

ఎరుపు అద్దకం సంగతి మీకు చెప్పాలి. పటిక నీళ్ళు అద్ది వేసిన అచ్చు కంటికి సరిగా ఆనదు. అద్దం మీద ఊపిరిలా ఉంటుంది. గుడ్డని చిరివేరు నీళ్ళలో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. తప్పు జరిగితే అప్పుడే బయటపడుతుంది. అప్పటికి దిద్దుకోలేం.

ఎనిమిది దుప్పట్లు చక్కగా తేలాయి. తొమ్మిదోది గుండిగలోంచి తీసేసరికి, చివరి వరసలో ఒక పువ్వు పక్కకి వాలి ఉంది. అది మస్తాను తాత వేసిన గుడ్డ. తాతకి చూపు పోతోందని, అంచు వేలితో తడుముకుని అచ్చు వేస్తున్నాడని, ఆ రోజే అందరికీ తెలిసింది.

రంగప్ప వచ్చి చూశాడు.

"ఎవరి చెయ్యి ఇది?"

"పాక చెయ్యి బాబూ."

"పాకకి చేతులుంటాయా? పేరు చెప్పు. ఆ మనిషి ఈ తీరంలో మళ్ళీ అచ్చు పట్టకూడదు. చెప్పకపోతే మీ గుడ్డ ఏ ఓడా ఎక్కదు."

నాంచారమ్మ గొంతు పెంచలేదు, తల దించలేదు. "పాక చెయ్యి" అంది.

రెండో రోజు పొద్దున్నే రంగప్ప మళ్ళీ వచ్చాడు. ఎవరి చెయ్యి అన్నాడు. నాంచారమ్మ గొంతు పెంచలేదు, తల దించలేదు. పాక చెయ్యి అంది.

"రేపు ఓడ కదులుతుంది. ఈలోగా ఆలోచించుకో" అని వెళ్ళిపోయాడు.

సీతారత్నం అచ్చు బల్ల మీద పడేసింది. "వదినా, ఒక్క ముసలాయన కోసం మా అందరి పొయ్యిలూ ఆరిపోవాలా?"

"రత్నం అన్నదాంట్లో తప్పేముంది అమ్మాయ్" అన్నాడు మస్తాను తాత. "నా పేరు చెప్పెయ్. ఇంటికాడ కూర్చుని కోళ్ళని అదిలించుకుంటా."

"కోళ్ళు నీ మాట వింటాయా బాబాయ్? ఇక్కడ మేమే వినం" అంది నాంచారమ్మ. తర్వాత ఆమె గొంతు తగ్గింది. "అచ్చు పట్టకపోతే నువ్వు ఎన్నాళ్ళుంటావు?"

తాత ఎర్రబారిన అరచేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నాంచారమ్మ మంచి దుప్పట్లు ఎనిమిదీ బల్లల మీద పరిపించింది.

"ప్రతిదానికీ చివర ఖాళీ మూల ఉంది. అందరూ కళ్ళు మూసుకోండి. బాబాయ్ ఎలా వేస్తాడో అలా ఒక్క పువ్వు వెయ్యండి."

"బాగున్న గుడ్డ చెడగొట్టమంటావా?" అంది సీతారత్నం.

"చెడిందో లేదో ఉడికాక చూద్దాం."

సీతారత్నం పడేసిన అచ్చు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత అందరికన్నా ముందు ఆమే కళ్ళు మూసుకుంది. తాత లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"అంచు నీ చిటికెన వేలికి తగలాలి పిల్లా. తొందరేం లేదు. గుడ్డ ఎక్కడికీ పారిపోదు."

అలా ఎనిమిది బల్లలూ తిరిగాడు. గుడ్డలు ఎండాయి, మళ్ళీ ఉడికాయి. ఎనిమిది పువ్వులు తేలాయి. ఒక్కోటి ఒక్కో వైపు వాలి, గాలి మాట వింటున్నట్టు ఉన్నాయి.

మూడో రోజు రంగప్ప వచ్చాడు. "ఎవరి చెయ్యి?"

"నాది" అన్నాడు గంగులు. "నాది" అంది సీతారత్నం. తొమ్మిది మందీ నాదంటే నాదన్నారు.

రంగప్ప దుప్పట్లకేసి చూశాడు. రేవుకేసి చూశాడు. ఓడకి తెరచాప ఎత్తుతున్నారు. అతని దగ్గర వేరే గుడ్డ లేదు. మూటలు కట్టించాడు.

మరుసటి ఏడు అదే ఓడ తిరిగి వచ్చింది. వాలిన పువ్వున్న గుడ్డే కావాలంది.

మస్తాను తాత చూపు పూర్తిగా పోయాక కూడా ఆరేళ్ళు ఆ పాకలో పని చేశాడు. ఆయనకన్నా ముందు నాంచారమ్మే పోయింది, ఒక వానాకాలంలో, జ్వరంతో. ఆమె మీద కప్పే గుడ్డకి తాత ఒక్కడే అచ్చు వేశాడు. పువ్వులన్నీ వాలాయి. ఎవరూ దిద్దలేదు.

ఇప్పటికీ ఆ కాలవ వెంట ఏ పాకలోనైనా చివరి వరస అందరికన్నా పెద్దవాళ్ళకే వదులుతారు. కంటి చూపు తగ్గిందని ఎవరినీ ఇంటికి పంపరు. అక్కడి ఆడపిల్లలు పెళ్ళి దుప్పటి కొనేటప్పుడు ముందు మూల విప్పి చూస్తారు. పువ్వు నిటారుగా ఉంటే, మడిచి ఇచ్చేసి, ఇంకో పాకకి వెళతారు.