నొక్కండి, నొక్కకండి

వెంకటగిరిలో చీరల డిజైన్లు గీసే చెంగల్రాయుడికి చేతిలో పనితనం ఎంత ఎక్కువో, ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే ఓపిక అంత తక్కువగా ఉండేది. ఎవరేం చెప్పబోయినా సగంలోనే "ఆఁ, అర్థమైంది" అనేవాడు. ఒకసారి ఒకాయన ఫోన్లో అంచుకు చిలకలు అనుకున్నాం గానీ వద్దు, నెమళ్లు వెయ్యమని చెప్పబోతే, ఇతగాడు చిలకల దగ్గరే ఫోను పెట్టేశాడు. ఆ నెల నాలుగు మగ్గాల మీద చిలకలే చిలకలు.

అతని కంప్యూటర్లో దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్లు విండోస్, లినక్స్ రెండూ కాపురం ఉండేవి. డిజైను గీసేది లినక్స్‌లో. దాని ప్రకారం మగ్గానికెక్కే అట్టలకు చిల్లులు కొట్టించేది విండోస్‌లో. ఆన్ చెయ్యగానే ఏది కావాలో కంప్యూటరే అడిగేది.

ముప్ఫై ఏళ్లుగా ఊరందరికీ చీరలు నేసిన మునెమ్మ మొదటిసారి తన కూతురి కోసం ఒక చీర నెయ్యాలనుకుంది. ఆ పిల్ల నర్సు చదువు పూర్తిచేసి పట్టా పుచ్చుకునే రోజున కట్టుకోవాలి. చిన్నప్పుడు మగ్గం పక్కన కూచుని ఉడతలకు వేరుశెనక్కాయలు పెట్టేదట, అందుకని కొంగు నిండా ఉడతలు కావాలంది. నెలరోజులు రాయుడి పక్కనే కూచుని ఒక్కొక్క ఉడత తోకనీ దిద్దించింది. డిజైను తయారైంది. మగ్గం మీద పోగులూ సిద్ధం. ఇరవై రోజులే గడువు.

తీరా అట్టలు కొట్టించబోతే విండోస్‌లో చోటు చాలలేదు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే హసీనా మేడమే అతనికి లినక్స్ ఎక్కించి పెట్టింది. ఆమెకు ఫోన్ చేసి, డిస్కులో లినక్స్ వాటా తగ్గించి విండోస్ వాటా పెంచుకోవచ్చా అని అడిగాడు.

"పెంచుకోవచ్చు రాయుడు గారూ, కానీ..." అంది ఆమె.

"ఆఁ, అర్థమైంది మేడం" అని పెట్టేశాడు.

ఆ 'కానీ' తర్వాతే అసలు సంగతంతా ఉంది. రాయుడు వాటాలు మార్చి, మధ్యలో ఉన్న లినక్స్‌ను పక్కకు జరిపి, హుషారుగా కంప్యూటర్ని ఆపి మళ్లీ ఆన్ చేశాడు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు ముక్కలు రెండు కనిపించాయి. విండోస్ లేదు, లినక్స్ లేదు, ఉడతలూ లేవు. డిజైనుకి ఇంకో కాపీ కూడా లేదు.

అప్పుడే మునెమ్మ అట్టల కోసం వచ్చింది. సంగతి విని కుర్చీలో కూలబడి ఆ నల్లటి తెర వైపే చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది రాయుడికి. తల కొట్టేసినట్టయి, మళ్లీ హసీనాకే ఫోన్ చేసి, మునెమ్మకు కూడా వినిపించేలా బల్ల మీద పెట్టాడు.

లినక్స్ ఎక్కడికీ పోలేదని, జరిపినప్పుడు డిస్కులో దాని వాటా నంబరు మారిందని, కంప్యూటరు ఇంకా పాత నంబరులోనే వెతుకుతోందని హసీనా చెప్పింది.

"అంటే పోగులు తెగలేదు, అతుకు ఊడింది, అంతేగా?" అంది మునెమ్మ.

"అంతేనమ్మా" అంది హసీనా.

మునెమ్మ మొహంలోకి కాస్త కళ వచ్చింది. హసీనా చెప్పినట్టే రాయుడు అప్పట్లో లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి దాంతో కంప్యూటర్ని లేపాడు. తెర మీద రెండు బటన్లు వచ్చాయి.

"ఒకటి, డిస్కంతా చెరిపి కొత్తగా ఎక్కించాలా అని అడుగుతుంది. దాన్ని నొక్క..." అంటోంది హసీనా.

రాయుడి వేలు అప్పటికే బటన్ మీదికి పోయింది. మునెమ్మ చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండు నాయనా. ఆ తల్లి మాట ఇంకా అయిపోలా."

"...కండి. నొక్కితే ఉన్నవన్నీ పోతాయి. రెండోది నొక్కండి" అంది ఫోన్లోంచి హసీనా.

రాయుడు చెయ్యి వెనక్కి తీసుకుని రెండోది నొక్కాడు. ఆ తర్వాత ఆమె ఒక్కో వరుసా చెప్పి ముగించేదాకా చేతులు కట్టుకుని విని, అప్పుడు టైపు చేశాడు. ముందు డిజైను ఇంకో పెన్‌డ్రైవ్‌లో దాచాడు. తర్వాత లినక్స్ కొత్త నంబరు కంప్యూటరుకు చెప్పాడు. ఆపి, మళ్లీ ఆన్ చేశాడు.

ఏది కావాలని కంప్యూటరు ఎప్పట్లాగే అడిగింది. లినక్స్ తెరిస్తే, కొంగు నిండా ఉడతలు తోకలెత్తి కూచున్నాయి. మునెమ్మ ఒకటి, రెండు, మూడు అంటూ అన్నిటినీ లెక్కపెట్టుకుని, కళ్లు తుడుచుకుని నవ్వింది.

పని అయిపోయినా రాయుడు ఫోను పెట్టలేదు.

"ఇంకేమన్నా చెప్పాలా మేడం?"

"ఏం లేదు, పెట్టెయ్యండి."

"పెట్టెయ్యండి అన్నారా, పెట్టెయ్యకండి అన్నారా?"

ఫోనుకు అటూ ఇటూ ఇద్దరాడవాళ్లూ పకపకా నవ్వారు. మునెమ్మ కూతురు అనుకున్న రోజుకే ఉడతల చీర కట్టుకుంది. రాయుడు మాత్రం ఆ రోజు నుంచి ఎవరి మాటకూ మధ్యలో అడ్డు రాలేదు.

నీతి: మన భాషలో ఔనో కాదో తేలేది మాట చివర్లోనే, కాబట్టి ఎవరేం చెప్పినా చివరిదాకా విని, ఆ తర్వాతే చెయ్యి కదపాలి.