అవతలి ఒడ్డుకు వెళ్ళిన రొట్టెలు

అనగనగా, మబ్బులు ఇళ్ళ చూరుల దాకా దిగివచ్చి మనుషుల మాటలు వినే కాలంలో, ఒక తెల్లని సరస్సు ఒడ్డున పాలవెల్లి అనే నగరం ఉండేది. ఆ సరస్సుకు అవతలి ఒడ్డు ఎవరికీ కనిపించేది కాదు. ఎప్పుడూ పొగమంచు తెర కట్టినట్టు ఉండేది.

ఏటా చలికాలంలో అక్కడ బట్టీల పండుగ వచ్చేది. ఊరి నడుమ ఏనుగంత మట్టి బట్టీ. గోధుమపిండిలో బెల్లం, సోంపు కలిపి ఇంటింటివారూ అందులో తీపిరొట్టెలు కాల్చుకునేవారు. వీధివీధినా కమ్మని వాసన. కుక్కపిల్లలు సైతం నిద్రలో నాలుకలు చప్పరించేవి.

అయితే ఆ ఊరివాళ్ళకు ఒక పట్టింపు. పండుగనాడు బుట్ట అడుగు కనిపించిందా, ఆ ఇంటి పరువు పోయినట్టే. అందుకని నలుగురున్న ఇంట్లో నలభైమందికి సరిపడా కాల్చేవారు. మర్నాడు మిగిలినవన్నీ మేళతాళాలతో మోసుకెళ్ళి సరస్సులో గుమ్మరించేవారు. దానిని సాగనంపు అనేవారు. ఎవరికి సాగనంపుతున్నారో మాత్రం ఎవరికీ గుర్తులేదు. గుర్తులేదన్న సంగతి కూడా గుర్తులేదు.

ఆ బట్టీని చూసుకునేది సింగారమ్మ అనే అవ్వ. ఆమెకు చుట్టమన్నా, పక్కమన్నా ఒక గూడబాతే. ఆ పక్షి ఏటా ఎక్కడినుంచో ఎగిరివచ్చి, నీటి ఒడ్డున తుమ్మచెట్టు మీద గూడు కట్టుకునేది.

ఆ ఏడు పండుగ ఉదయాన గూడబాతు వచ్చి బట్టీ గట్టు మీద వాలింది. దాని పెద్ద ముక్కు దిగులుగా వేలాడుతోంది.

"అవ్వా, నా గూట్లో గుడ్లు పగిలే వేళయింది. నిరుడు మీ రొట్టెలు నీళ్ళలో కుళ్ళి చేపలన్నీ చచ్చి తేలాయి. తిండి దొరక్క నా పిల్లల్లో ఒక్కటీ దక్కలేదు. ఈసారి కూడా రొట్టెలు నీళ్ళలో పోస్తే వీటికీ అదే గతి."

"నేనేం చెయ్యను తల్లీ! అది ఊరి ఆచారం," అంది సింగారమ్మ.

"ఆచారమా? అవతలి ఒడ్డున ఒక పల్లె ఉంది, తెలుసా? అక్కడ రాళ్ళే గాని గోధుమ పండదు. మీ పండుగ కాగానే ఆ పల్లెవాళ్ళు చాపలు పరుచుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటారు. ఎందుకని అడిగితే, మా తాతలు కూర్చునేవారు, మేమూ కూర్చుంటున్నాం అంటారు."

సింగారమ్మ చేతిలోని పార జారిపోయింది. ఒకప్పుడు ఆ రొట్టెలు పడవలెక్కి అవతలికి వెళ్ళేవన్నమాట! పడవలు ఎప్పుడో ఆగిపోయాయి. మేళం మాత్రం మిగిలింది.

ఆమె పరుగుపరుగున వర్తకుడు గవరయ్య దగ్గరికి వెళ్ళింది. గవరయ్య చేతులు తిప్పాడు. "రొట్టెలు తక్కువ కాల్చాలా? మిగిలినవి దాచాలా? గవరయ్య ఇంట్లో పాచిరొట్టె తింటున్నారని ఊరంతా నవ్వాలా? పోవే ముసలీ, నీకు పొగ తలకెక్కింది!"

ఆమె మంత్రి విశాలాక్షుడి దగ్గరికి వెళ్ళింది. మంత్రి కళ్ళు మూసుకుని, "ఆచారానికి అర్థం అడిగితే ఆచారం అలుగుతుంది," అన్నాడు. కళ్ళు తెరవనే లేదు.

చివరికి రాణి హేమలేఖ దగ్గరికి వెళ్ళింది.

"అవతలి ఒడ్డు నువ్వు చూశావా అవ్వా?" అని అడిగింది రాణి.

"లేదు తల్లీ. చూసిన పక్షి చెప్పింది, నేను మోసుకొచ్చాను."

రాణి తలూపింది. "పడవలు ఇస్తాను. కాని పడవ దాటేసరికి బూజుపట్టే రొట్టె పంపితే వాళ్ళను అవమానించినట్టే. రేపు సాగనంపు వేళకు, మిగిలినదాన్ని నేను కోరి తినేలా చేసి చూపించు. చేయలేకపోతే పాత ఆచారమే."

మర్నాడు బట్టీలో మంట లేదు. కాని దాని కడుపు ఇంకా వెచ్చగానే ఉంది. సింగారమ్మ కోటలో మిగిలిన రొట్టెలు తెప్పించింది. గట్టిపడిన వాటిని పలుచగా కోసి ఆ వెచ్చదనంలో పేర్చింది. అవి తేమంతా వదిలి, ఎన్నాళ్ళయినా చెడని గలగలలాడే ముక్కలయ్యాయి. మెత్తగా ఉన్నవాటిని చిదిమి, నెయ్యి, బెల్లం చేర్చి మలీద ముద్దలు కట్టింది. విరిగిన తునకలను ఏలకుల పాలలో నానవేసింది. పళ్ళు లేనివారికి అవి వెన్నలా జారిపోతాయి.

ఆ వాసనకు గవరయ్య తానే వెతుక్కుంటూ వచ్చాడు.

"అబ్బ! ఏం ఘుమఘుమ! ఇదిగో అవ్వా, నా మాట విను. కొత్తపిండితో చేశానని చెప్పు. పాతవని తెలిస్తే ఎవరూ ముట్టరు."

"అలా చెబితే ఈ రోజు తింటారు నాయనా. వచ్చే ఏడు మళ్ళీ నీళ్ళలోనే పోస్తారు," అంది సింగారమ్మ.

మేళం మోగింది. బుట్టలు తలమీద పెట్టుకుని ఊరంతా ఒడ్డుకు చేరింది. తుమ్మచెట్టు మీద గూడబాతు రెక్కలు విప్పి గూటిని కప్పుకుని కూర్చుంది. గూట్లోంచి అప్పుడే సన్నగా కీచుమన్న ధ్వని వినిపించింది.

రాణి ఒక మలీద ముద్ద తిన్నది. వెంటనే ఇంకొకటి అందుకుంది. "ఎంత బాగుంది! ఏ పిండితో చేశావు?"

గవరయ్య కన్ను గీటాడు. సింగారమ్మ అతని వైపు చూడలేదు. తలెత్తి చెప్పింది. "పిండి కాదు తల్లీ. నిన్న మీ కోటలో మిగిలిన రొట్టె."

మేళం ఆగిపోయింది.

"పాచి!" అని అరిచాడు మంత్రి. "రాణిగారికి పాచి పెట్టింది!"

రాణి నోట్లోది నింపాదిగా నమిలి మింగింది. "మంత్రిగారూ, ఇందాక మీరు రెండు ముద్దలు తిని మూడోది ఉత్తరీయంలో మూట కట్టుకున్నారు. దాన్ని ఇటు ఇవ్వండి."

"అది... అది పరీక్ష చేద్దామని, అమ్మా!"

ముందు ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత ఒడ్డంతా నవ్వింది. ఆ నవ్వులో తరతరాల పరువూ, పంతమూ కొట్టుకుపోయాయి. ఒక్కొక్కరే బుట్ట దించి సింగారమ్మ ముందు పెట్టారు. గవరయ్య బుట్ట అందరికంటే బరువు. ఆ రొట్టెలనూ సింగారమ్మ అలాగే మార్చింది.

మలీద ముద్దలు పిల్లలు తిన్నారు. పాలలో నానినవి ముసలివారు తిన్నారు. గలగలలాడే ముక్కలు పడవలెక్కాయి. ముందు గూడబాతు ఎగిరి దారి చూపింది. వెనుక పడవలు వరుసగా పొగమంచులో కరిగిపోయాయి, కలలోకి నడిచి వెళ్ళినట్టు.

కొన్నాళ్ళకు తిరిగివచ్చిన పడవవాళ్ళు ఒక వింత చెప్పారు. అవతలి ఒడ్డువాళ్ళు మొదటి ముక్క నోట్లో వేసుకోగానే కళ్ళు మూసుకున్నారట. పుట్టాక ఎన్నడూ తినని ఆ రుచిని గుర్తుపట్టి, "ఇన్నాళ్ళూ మేం కూర్చున్నది దీనికోసమే," అన్నారట.

సరస్సు నెమ్మదిగా తేటపడింది. చేపలు పెరిగాయి. ఎండ కాసిన ఒక పూట మూడు గూడబాతు పిల్లలు తల్లి వెంట తడబడుతూ గాలిలోకి లేచాయి. వాటి నీడలు నీళ్ళమీద జారుతూ పొగమంచు దాకా వెళ్ళాయి.

మన ఇంట మిగిలిన ప్రతి ముక్కా ఎక్కడో ఒకరి ఆకలికి చెందినదే. దానిని పాడుచేయక వారికి చేర్చినప్పుడే పండుగ పూర్తవుతుంది.