నీలవేణి ఊ కొట్టలేదు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలిక మీద వాత పెట్టండి. విజయనగరంలో హరికథ నేర్పే కామాక్షమ్మగారిది మా పక్కిల్లే. ఆవిడ గజ్జె కట్టి ఓ అడుగేస్తే భీమిలి దగ్గర సముద్రం రెండడుగులు వెనక్కి జరిగేది. అంతటి మనిషీ శిష్యులు ఏదడిగినా జవాబు చెప్పదు. "పద, చూద్దాం" అంటుంది, అంతే.

ఓ మధ్యాహ్నం శిష్యురాలు సువర్చల రుసరుసలాడుతూ వచ్చింది.

"అమ్మగారూ, తమ్ముణ్ణి అడవిలో వదిలేసే అక్కలూ, చెల్లెల్ని నూతిలోకి తోసే అన్నలూ, ఇవా పసిపిల్లలకి చెప్పే కథలు? లేని పాపం మనమే నేర్పుతున్నాం. నా మట్టుకు నేను చెప్పను."

"పద, చూద్దాం," అంది కామాక్షమ్మగారు. నన్నెవరూ పిలవలేదు గనక నేనూ వెళ్లాను.

వెనక వీధిలో అప్పలనరసమ్మ ఇల్లు. ఆవిడ మనవరాలు నీలవేణికి ఐదేళ్లు. తమ్ముడు పుట్టింది మొదలు నోరు విప్పదు, అన్నం సరిగ్గా తినదు, ఉయ్యాల్లో వాణ్ణి అందినచోటల్లా గిల్లుతుంది. ఎందుకు గిల్లదు? బారసాలకొచ్చిన లక్షమంది ముత్తయిదువలూ దాని బుగ్గ పొడిచి ఒకటే పాట: "నువ్వు మా పిల్లవి కాదే, తవుడిచ్చి కొన్నాం. అబ్బాయి పుట్టాడుగా, ఇంక నిన్ను తిరిగిచ్చేస్తాం." అలా అని పళ్లికిలించినవాళ్లే, గిల్లినందుకు దాన్ని రాక్షసి అన్నారు. పైగా ఆ సాయంత్రం బస్సుకి మేనత్త ఊరు పంపెయ్యడానికి దాని బట్టలు సంచిలో కుక్కి గుమ్మంలో పెట్టారు. నా కడుపు మండిపోయింది. ఆ మంట మీద ఊరందరికీ అన్నం వండొచ్చు.

ఆ పిల్లకి కథ చెప్పమని కామాక్షమ్మగారు సైగ చేస్తే, ముందు సువర్చల మొదలెట్టింది. "అనగనగా ఒక మంచి అక్క. ఆ అక్కకి తమ్ముడంటే ప్రాణం."

వినేవాళ్లు ఊ కొట్టందే కథ అడుగు ముందుకెయ్యకూడదని మా పట్టింపు. నీలవేణి ఊ అనలేదు సరికదా, గోడకేసి తిరిగి కూర్చుంది. మంచి అక్క అక్కడే నిలబడిపోయింది.

కామాక్షమ్మగారు ఉయ్యాల పక్కన చతికిలబడి గొంతు తగ్గించింది.

"అనగనగా ఒక రాజకూతురు. దానికి తమ్ముడు పుట్టాడు. వాడు పొద్దస్తమానం ఏడుపే. ఇంటిల్లిపాదీ వాడి చుట్టే."

గోడవైపు నుంచి సన్నగా, "ఊ."

"రాజకూతురికి ఒళ్లు మండింది. వాణ్ణి చేటలో పెట్టుకుని రాక్షసుడి గుహకి పోయింది."

"ఊ." ఈసారి ఇంటి పెంకులు లేచి మళ్లీ కూర్చున్నాయి.

"చూశారా దీని బుద్ధి," అంది అప్పలనరసమ్మ. సువర్చల మొహం తెల్లబోయింది.

"'ఇదుగో, తీసుకో' అంది రాజకూతురు. రాక్షసుడు కొండంత నోరు తెరిచాడు."

ఊ రాలేదు.

"తెరిచాడమ్మా," అంది కామాక్షమ్మగారు మళ్లీ.

నీలవేణి ఇటు తిరిగింది. లేచి వచ్చి ఉయ్యాల తాడు పట్టుకుంది. "నేను ఊ అనను," అంది.

"నువ్వు అనకపోతే వాడు తినలేడు మరి."

"తినొద్దు. చేట వెనక్కి తెచ్చేసింది."

"ఊ," అంది కామాక్షమ్మగారు.

పిల్ల కాసేపు తాడు నలుపుతూ నిలబడి, ఆవిడ చెవి దగ్గరకొచ్చి అడిగింది. గుసగుసే గాని, ఇంట్లో అందరికీ వినపడింది. "తెచ్చేస్తే, ఆ పిల్లని ఇంట్లో ఉండనిస్తారా?"

"అది నేను చెప్పకూడదే. మీ మామ్మని ఊ కొట్టమను."

నీలవేణి మామ్మ వైపు చూసింది. అప్పలనరసమ్మ గుమ్మంలో ఉన్న సంచి వైపు చూసింది. బొబ్బిలికెళ్లి తిరిగొచ్చేంత సేపు చూసింది. చివరికి, "ఊ," అంది. లోపల్నుంచి కోడలొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా సంచి తీసుకుపోయింది.

వీధిలోకొచ్చాక సువర్చల మలుపు దగ్గర ఆగి, "మరి ఆ రాక్షసుడేమయ్యాడు, అమ్మగారూ?" అంది.

"పాపం, నోరు తెరుచుకునే ఉన్నాడు. ఈ వీధిలో అలాంటి నోళ్లు ఇంకా చాలా ఉన్నాయి," అంది కామాక్షమ్మగారు. "వాటిల్లో కుక్కడానికి నువ్వు మిల్లుకి పోయి ఓ బస్తా తవుడు పట్రా."