చిలక చెవిలో చెప్పని మాట

అనగనగా ఒక రాజుగారు. ఆయన ఏలే నీలవరంలో ఎవరూ దేవుడితో సొంతంగా మాట్లాడకూడదు. ఏడు సముద్రాల అవతల రాతికోటలో కరాళుడనే మాంత్రికుడున్నాడు. వాడి దగ్గరొక చిలక ఉంది. మొక్కు ఏదైనా సరే, వాడు నేర్పిన మంత్రం ఆ చిలక చెవిలో చెప్పాలి. అది వెళ్లి దేవుడికి చెబుతుందట. దేవుడికి చెవులు లేవా అని మీరు అడుగుతారు. అక్కడ ఎవరూ అడగలేదు మరి.

చెప్పొచ్చినవాళ్లకి మొక్కు తీరేదో లేదో గానీ గొంతు మాత్రం పోయేది. కొందరైతే తిరిగే రాలేదు. పట్టపగలు సంతలో ఒక్క మాట వినబడదు. కూరలమ్మే ఆవిడ వేళ్లు చూపిస్తుంది. వెళ్లొచ్చిన తల్లుల జోలపాటల్లో పెదవులే ఆడతాయి.

రాణిగారూ అలాగే మూగబోయింది. గొంతు వెనకే ఊపిరీ సన్నగిల్లుతోంది. అమ్మని బతికించమని మొక్కుకోవడానికి పెద్దకొడుకు వెళ్లాడు, రాలేదు. నడిమివాడు వెళ్లాడు, వాడూ రాలేదు. ఇక మిగిలింది చిన్నవాడు సోముడు. మంత్రం పాఠం వేళ గురువుగారి పిలకకి తాటాకు బొమ్మ కట్టిన ఘనుడు. ఆయన అలిగి పాఠమే మానేశారు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు పలకరించింది. "ఎక్కడికిరా మనవడా?"

"కరాళుడి దగ్గరికి, తాతా. నువ్వు మోస్తే ఈ ఏడాదిలో చేరతానా?"

"వెటకారమా? ఎక్కు. వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది. కత్తికి చావదు. వాడి మంత్రమే దాని తిండి. నీకు మంత్రం వచ్చా?"

"ఒక్క ముక్క రాదు."

"అయితే బతికావు పో."

ఏడు సముద్రాలూ దాటారు. కోటలో ఏటవాలుగా సాయంత్రపు ఎండ కాస్తోంది, అయినా అక్కడ ఎవరికీ నీడ లేదు. వందలమంది రాళ్లలా నిలబడి ఉన్నారు. పెదవులు మాత్రం ఆడుతున్నాయి. అందరివీ ఒకేసారి తెరుచుకుంటున్నాయి, ఒకేసారి మూసుకుంటున్నాయి. అన్నలిద్దరూ వాళ్లలోనే ఉన్నారు. సోముడు పెద్దన్నకి చక్కిలిగింత పెట్టి చూశాడు. చల్లగా తగిలింది. సోముడి నవ్వు ఆగిపోయింది.

"వచ్చావా చిట్టినాన్నా," అంది చిలక. అది అమ్మ గొంతు. "ఇంత ఆలస్యమా? రా, నా చెవిలో చెప్పు."

సోముడి కాళ్లు వాటంతటవే కదిలాయి.

"చెప్పవయ్యా," అన్నాడు చిలక పక్కనున్న కరాళుడు. "చెబితేనే మీ అమ్మ బతుకుతుంది. ఇంకెలా చెప్పినా దేవుడు వినడు."

"ఆ సంగతి ఆయన్నే అడుగుతానుండు," అని సోముడు చిలకకి వీపు తిప్పి నేలమీద చతికిలబడ్డాడు.

"స్వామీ, నీ పేరేంటో, నువ్వెలా ఉంటావో నాకు తెలీదు. మా అమ్మ పెరుగన్నం కలిపిన చేత్తోనే నా ముక్కు పిండుతుంది. ఆ అమ్మ పోతోంది. నాకు భయంగా ఉంది. బతికించవూ? బతికించకపోతే నీతో పోట్లాడతాను గానీ, మాట్లాడ్డం మానను."

వంటింట్లో అమ్మ ఇటు తిరక్కుండానే ఊఁ కొట్టినట్టు, ఎవరో విన్నారని వాడికి అనిపించింది. ఏ మూలనుంచో చెప్పలేడు. భయం పోలేదు, ఒంటరితనం పోయింది.

చిలక ఆ మాటలు పలకబోయింది. గొంతులో అడ్డం పడ్డాయి. ఇంతలో పక్కనున్న అమ్మాయి పెదవులు తాళం తప్పాయి. ఆమె తన మాటేదో తను అనుకుంటోంది. తర్వాత ఒక ముసలాయన. ఆపైన అందరూ, ఎవరిది వాళ్లు. గొంతులన్నీ తమ మాటల్ని వెతుక్కుంటూ చిలక ముక్కులోంచి బయటికొచ్చాయి. రాణిగారి గొంతు సముద్రం మీదుగా ఇంటికి ఎగిరిపోయింది. చివరికి చిలక ఒక ఎండిపోయిన ఈకగా మిగిలింది. కరాళుడి బట్టలు ఖాళీగా కూలిపోయాయి.

"బాబూ, నా కాలు మీంచి లేస్తావా?" అంది ఆ అమ్మాయి. పేరు ముత్యాలి, పడవలు నడిపేవాళ్ల పిల్ల.

జనం సోముడి చుట్టూ మూగారు. "అయ్యా, ఆ పలుకులు మాకూ నేర్పు. రోజూ అందరం అవే చెప్పుకుంటాం."

నేలమీది ఈక కదిలింది. గాలి లేదు.

సోముడు అది చూశాడు. "మీ ముక్కు మా అమ్మెందుకు పిండుతుంది? ఎవరి సంగతి వాళ్లు చెప్పుకోండి," అన్నాడు. ఈక ఆగిపోయింది.

ఇంటికెళ్లేసరికి రాణిగారు లేచి కూర్చుని, ఆలస్యమైనందుకు కొడుకులు ముగ్గుర్నీ ఊరంతా వినబడేలా తిట్టింది. సోముడు ముత్యాలిని పెళ్లాడి, జుట్టు తెల్లబడేదాకా చల్లగా ఏలాడు. రోజూ పొద్దున్నే మేడ మీద ఆమె దేవుడితో ఏం మాట్లాడేదో ఎన్నిసార్లు అడిగినా చెప్పేది కాదు.

"అన్నీ మీ మీద చాడీలే లెండి," అనేది.