ఫుల్‌స్టాప్ లేని అర్జీ

అర్జీ పూర్తిగా వినకుండా గద్దె దిగకూడదన్నది ఆ దివాణం ఆనవాయితీ. జమీందారుగారు కొత్తగా ఇంగ్లీషు నేర్చి, కామాలూ ఫుల్‌స్టాపులూ సరిగా లేని అర్జీలను తిప్పికొట్టడం మొదలుపెట్టారు. దివాణం గుర్రాలు తన జొన్నచేను మేసేస్తున్నాయని సింగమ్మ అర్జీ రాయించి తెచ్చింది.

“చివర ఫుల్‌స్టాప్ ఏదీ? ఇది పూర్తికాలేదు, పో,” అన్నారాయన.

సింగమ్మ కళ్లముందు విరిగిన కంకులు మెదిలాయి. నెమ్మదిగా నేలమీద కూర్చుంది.

“పూర్తికాలేదంటే నేనింకా చెబుతున్నట్టే కదా దొరా. వినండి మరి.”

లోపల్నుంచి భోజనానికి పిలుపొచ్చింది. జమీందారుగారు లేవబోయి, ఆనవాయితీ గుర్తొచ్చి కూలబడ్డారు.

“ఆ ఫుల్‌స్టాపేదో పెట్టి తగలడు!”

“ఎలా పెట్టేది దొరా? గుర్రాలింకా మేస్తూనే ఉన్నాయిగా.”

 చివరికి ఆయన గుర్రాలను కట్టేయమని మనిషిని పంపి, కలం తీసుకుని, ఫుల్‌స్టాప్ తానే పెట్టారు.